శీతకాలానికి పడవ బ్యాటరీలను చార్జి చేసి భద్రపరిచిన నా అనుభవం

నీళ్లు గడ్డకట్టే చోట పడవ ఉన్నవారికి ఏడాదిలో కొన్ని నెలలు దాన్ని ఒడ్డుకెక్కించి కప్పి ఉంచక తప్పదు. ఇంజన్‌లోని నీళ్లు తీసివేయడం, గొట్టాలలో యాంటీఫ్రీజ్ నింపడం, పైన టార్పాలిన్ బిగించడం అందరికీ గుర్తుంటాయి. బ్యాటరీల దగ్గరకు వచ్చేసరికి మాత్రం మెయిన్ స్విచ్ ఆపేశాం కాబట్టి ఇక చూడనక్కరలేదని చాలామంది అనుకుంటారు. పడవ బ్యాటరీ ఆయుష్షు ఎక్కువగా తరిగిపోయేది పనిలేకుండా పడి ఉన్న ఆ నెలల్లోనేనని నా నమ్మకం. అందుకే ఈ పనిని నేను ఎలా చేశానో, ఏ అడుగు ఎందుకు వేశానో వివరంగా రాస్తున్నాను.

నా పడవలో మూడు రకాల బ్యాటరీలు ఉన్నాయి. ఇంజన్ స్టార్ట్ చేయడానికి మూతలు తీసి నీళ్లు పోసే మామూలు లెడ్ ఆసిడ్ బ్యాటరీ ఒకటి, దీపాలకూ రేడియోకూ పంపులకూ పారలల్‌గా కలిపిన ఏజీఎం బ్యాటరీలు (ఆమ్లాన్ని గాజుపీచు పొరల్లో పీల్చి ఉంచే, మూసి ఉండే లెడ్ ఆసిడ్ రకం) రెండు, చిన్న ఎలక్ట్రిక్ మోటారుకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి. అన్నీ 12 వోల్టులవే అయినా శీతకాలంలో వీటికి కావలసిన సంరక్షణ ఒకటి కాదు. లెడ్ ఆసిడ్‌కు మేలు చేసేది లిథియానికి కీడు చేయవచ్చు. ఒకే పడవలో ఈ మూడూ ఉన్నందువల్ల ఆ తేడాను ప్రతి దశలోనూ గుర్తుంచుకోవలసి వచ్చింది.

బ్యాటరీని పాడుచేసేది చలి అని అందరూ అంటారు. లెడ్ ఆసిడ్ విషయంలో ఇది సగమే నిజం. బ్యాటరీ డిశ్చార్జి అయ్యేకొద్దీ ద్రవంలోని సల్ఫ్యూరిక్ ఆమ్లం ప్లేట్లలోకి చేరి లెడ్ సల్ఫేట్‌గా మారుతుంది, ద్రవం పలచబడి నీటికి దగ్గరవుతుంది. పూర్తిగా చార్జి అయిన బ్యాటరీలో ద్రవం సాపేక్ష సాంద్రత (నీటితో పోల్చిన చిక్కదనం) సుమారు 1.265 ఉంటుంది, అది గడ్డకట్టాలంటే ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీల సెల్సియస్‌కంటే కిందికి దిగాలి. సగం చార్జి ఉన్నప్పుడు మైనస్ 20 దాటాక ప్రమాదం మొదలవుతుంది. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ మైనస్ 8 డిగ్రీల దగ్గరే గడ్డకట్టి, ప్లేట్లను వంచి, పెట్టెను పగలగొట్టగలదు. పైగా ఖాళీగా ఉన్నంతకాలం లెడ్ సల్ఫేట్ స్ఫటికాలు పెద్దవై గట్టిపడతాయి, ఆ తరువాత ఎంత చార్జి చేసినా అవి పూర్తిగా కరగవు. అంటే నిండుగా ఉన్న లెడ్ ఆసిడ్ బ్యాటరీకి చలి హాని చేయదు సరికదా, దానంతట అది డిశ్చార్జి అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. కాబట్టి లెడ్ ఆసిడ్ బ్యాటరీలను ముందు పూర్తిగా నింపాలి, ఆ తరువాతే మిగతా పనులు చూడాలి అని నిర్ణయించుకున్నాను.

బ్యాటరీలను పడవలోనే ఉంచాలా, బయటికి తీయాలా అన్నది తరువాతి ప్రశ్న. ఒడ్డునుంచి కరెంటు తీగ లాగి, పడవలోని చార్జర్‌ను శీతకాలమంతా నడిపేవారు ఉన్నారు. ఎవరూ చూడని మూసిన పడవలో చార్జర్‌ను నెలల తరబడి వదిలేయడం నాకు ఇష్టం లేదు. తేమ పట్టిన కనెక్షన్లు వేడెక్కినా, చార్జర్ చెడిపోయి వోల్టేజి పెంచినా గమనించే మనిషి అక్కడ ఉండడు. నీటిలోనే ఉన్న పడవకు మరొక చిక్కు ఉంది. ఒడ్డు కరెంటులోని ఎర్త్ తీగ ద్వారా పక్క పడవల లోహభాగాలతో సంబంధం ఏర్పడి, ఆ తీగలో అలాంటి కరెంటును అడ్డుకునే గాల్వానిక్ ఐసొలేటర్ లేకపోతే, పడవ లోహభాగాలను తుప్పునుంచి కాపాడే జింక్ ఆనోడ్లు త్వరగా కరిగిపోతాయి. నా పడవ నేలమీదే ఉంది కనుక బ్యాటరీలన్నీ బయటికి తీశాను. శీతకాలంలోనూ పడవను నీటిలో ఉంచేవారు మాత్రం అన్నీ తీసివేయకూడదు. పడవ అడుగున చేరే నీటిని తోడే బిల్జ్ పంపుకూ, నీటిమట్టం పెరగగానే దాన్ని నడిపే ఫ్లోట్ స్విచ్‌కూ చార్జి ఉన్న బ్యాటరీ ఒకటి ఎప్పుడూ అంటి ఉండాలి, దాన్ని తరచూ వెళ్లి చూసి రావాలి.

వైర్లు విప్పే ముందు ప్రతి బ్యాటరీ కనెక్షన్లను పలు కోణాలనుంచి ఫోటోలు తీసి, ఒక్కో వైరుకు ఎక్కడిదో రాసిన చీటీ కట్టాను. పారలల్ కనెక్షన్లు, చార్జర్ వైర్లు, మీటరు తీగలు అన్నీ ఒకే టెర్మినల్ మీద పేరుకుని ఉండే పడవలో ఈ చిన్న పని వసంతంలో ఎంతో శ్రమను తప్పిస్తుంది. పరికరాలన్నీ ఆపి, మెయిన్ స్విచ్ కూడా ఆపాను. అయితే మెయిన్ స్విచ్ ఆపినంత మాత్రాన అన్నీ ఆగవు. బిల్జ్ పంపు, కొన్ని రకాల గ్యాస్ అలారంలు, రేడియో మెమరీ వంటివి స్విచ్‌తో నిమిత్తం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటాయి. నా పడవలో అలాంటి సన్నని తీగలు కొన్ని కనిపించాయి. ఒక్కొక్కటీ తీసుకునే కరెంటు అతి స్వల్పమే అయినా, 24 గంటలూ నెలల తరబడి లాగితే బ్యాటరీని పూర్తిగా పీల్చివేయడానికి అది చాలు. ‘స్విచ్ ఆపే ఉంచాను, అయినా డౌన్ అయింది’ అని వసంతంలో వినిపించే మాటకు చాలాసార్లు ఇదే కారణం.

చేతి ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టి, కళ్లద్దాలూ చేతితొడుగులూ వేసుకుని, ముందుగా నెగెటివ్ వైరు విప్పాను. నెగెటివ్ తొలగిన తరువాత పాజిటివ్ విప్పేటప్పుడు స్పానర్ ఇంజన్‌కు తగిలినా షార్ట్ కాదు. ఈ వరుసను తిరగేస్తే అదే స్పానర్ వందల ఆంపియర్లతో ఎర్రగా కాలిపోవచ్చు. ఏజీఎం బ్యాటరీలు ఒక్కొక్కటి పాతిక కిలోలకు పైగా బరువు ఉంటాయి, ఇరుకైన లాకర్‌లో వంగి ఎత్తడం నడుముకు మంచిది కాదు. బలమైన పట్టీ వేసి, ఇద్దరం కలిసి, నిటారుగా ఉంచే బయటికి తీశాం. తీసిన వెంటనే టెర్మినళ్లకు రబ్బరు తొడుగులు పెట్టాను.

బ్యాటరీ పైభాగాన్ని శుభ్రం చేయడం చూపుకోసం అనుకునేవారు ఒక పరీక్ష చేసి చూడాలి. మల్టీమీటర్ ఒక కొనను టెర్మినల్‌కు ఆనించి, రెండవ కొనను ప్లాస్టిక్ మూతమీద పేరుకున్న మురికిపై పెట్టాను. మీటరు సున్నా చూపలేదు, కొంత వోల్టేజి కనిపించింది. అంటే ఆమ్లపు తేమ, ఉప్పు, దుమ్ము కలిసిన ఆ పొర ద్వారా రెండు టెర్మినళ్ల మధ్య కరెంటు నెమ్మదిగా కారుతోందన్నమాట. బేకింగ్ సోడా కలిపిన నీటిలో గుడ్డ ముంచి, మూతలన్నీ బిగించి ఉన్నాయని చూసుకున్నాక తుడిచాను. సోడా నీరు బొట్టు కూడా సెల్‌లోకి (బ్యాటరీ లోపలి గదిలోకి) పోకూడదు, పోతే అక్కడి ఆమ్లం విరిగిపోతుంది. నురగ రావడం ఆగేవరకూ తుడిచి, మంచినీటి గుడ్డతో మళ్లీ తుడిచి, ఆరబెట్టాను. తిరిగి మీటరు పెట్టినప్పుడు ఆ వోల్టేజి మాయమైంది.

చార్జి చేయడానికి గాలి ఆడే షెడ్‌ను ఎంచుకున్నాను. లెడ్ ఆసిడ్ బ్యాటరీ నిండుతున్నకొద్దీ అందులోని నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు వస్తాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. అది గాలికంటే ఎంతో తేలిక కాబట్టి పైకప్పు కింద చేరుతుంది. కింద తలుపు తెరిచి ఉంచితే సరిపోదు, పైన కూడా గాలి పోయే దారి ఉండాలి. హీటరు, మంట, గ్రైండింగ్ యంత్రం వంటివేవీ ఆ గదిలో పనిచేయనివ్వలేదు. చార్జర్ క్లిప్పులను ముందు బ్యాటరీకి బిగించి ఆ తరువాతే కరెంటు వేశాను, తీసేటప్పుడు ముందు కరెంటు ఆపి ఆ తరువాత క్లిప్పులు తీశాను. క్లిప్పు దగ్గర నిప్పురవ్వ రాకుండా ఉండడానికి ఈ క్రమమే అసలు రక్షణ. కుళ్లిన గుడ్డు వాసన వస్తే బ్యాటరీ ఎక్కువ చార్జి అయి హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతోందని అర్థం. అప్పుడు చార్జర్‌కు వచ్చే కరెంటును, వీలైతే గది బయటనుంచే, ఆపివేసి గాలి ఆడనివ్వాలి.

ముందుగా ఇంజన్ బ్యాటరీ చేపట్టాను. మూతలు తీసి చూస్తే ద్రవం మట్టం తగ్గి ఉంది కానీ ప్లేట్లు మునిగే ఉన్నాయి, అందువల్ల అప్పుడే నీళ్లు పోయలేదు. చార్జి అయ్యేటప్పుడు ద్రవం వ్యాకోచించి పైకి లేస్తుంది. ముందే నిండుగా పోస్తే ఆమ్లం పొంగి పొర్లుతుంది. ప్లేట్లు బయటికి కనిపిస్తుంటేనే, అవి మునిగేంత మట్టుకు డిస్టిల్డ్ వాటర్ పోసి చార్జి మొదలుపెట్టాలి. కుళాయి నీటిలోని ఖనిజాలు ప్లేట్లకు హాని చేస్తాయి, ఆమ్లం మాత్రం ఎప్పుడూ కలపకూడదు, ఎందుకంటే ఆవిరైపోయేది నీరే. బ్యాటరీ ఆంపియర్ అవర్ సామర్థ్యంలో 10 నుంచి 20 శాతం మధ్య కరెంటు ఇచ్చే మూడంచెల చార్జర్ వాడాను. మొదట అది పూర్తి కరెంటు పంపుతుంది, తరువాత 14.4 నుంచి 14.8 వోల్టుల దగ్గర నిలిపి కరెంటును క్రమంగా తగ్గిస్తుంది, చివరికి 13.5 వోల్టుల ప్రాంతంలో ఫ్లోట్‌లోకి, అంటే నిండిన చార్జిని నిలిపి ఉంచే దశలోకి, వస్తుంది. చార్జర్ మీద పచ్చలైటు వెలిగితే పని అయిపోయినట్లు కాదు. నీళ్లు పోసే బ్యాటరీకి నిజం చెప్పేది ద్రవం సాపేక్ష సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ ఒక్కటే. ఆరు సెల్‌లనూ విడివిడిగా కొలిచాను, ఉష్ణోగ్రత 27 డిగ్రీలకంటే తక్కువగా ఉన్నందున ప్రతి 5.5 డిగ్రీలకు 0.004 చొప్పున తీసివేశాను. అయిదు సెల్‌లు సుమారు 1.265 చూపగా ఒకటి మాత్రం చాలా వెనకబడింది. ఆ బ్యాటరీ తయారీదారు అనుమతించిన ఈక్వలైజింగ్ (సెల్‌లన్నిటినీ సమానం చేసే అదనపు చార్జి) పద్ధతిలో 15.5 వోల్టుల వద్ద అదుపైన కరెంటు ఇస్తూ, దగ్గరే ఉండి, గంటగంటకూ కొలిచాను. పెట్టె 50 డిగ్రీలకు చేరితే ఆపాలన్నది నియమం, అంతవరకూ రాలేదు. కొలత పెరుగుతూ వచ్చి మిగతావాటి దరికి చేరి, ఇక కదలకుండా నిలిచాక ఆపాను. ఆ తరువాతే డిస్టిల్డ్ వాటర్‌ను నింపే గొట్టం అంచుకు కొద్దిగా కిందివరకూ పోసి మూతలు బిగించాను.

ఏజీఎం బ్యాటరీలు మూసి ఉంటాయి కనుక ఇంత పని లేదు, కానీ పొరపాటును అవి తట్టుకోలేవు. ఎక్కువ వోల్టేజి వల్ల వాల్వు తెరుచుకుని పోయిన నీటిని తిరిగి పోయడానికి మార్గం లేదు. చార్జర్‌ను ఏజీఎం సెట్టింగ్‌కు మార్చి, తయారీదారు చెప్పిన 14.4 నుంచి 14.7 వోల్టుల పరిమితిలోనే ఉంచి, ఈక్వలైజింగ్ జోలికి పోలేదు. జెల్ బ్యాటరీ ఉన్నవారు ఇంకా తక్కువ వోల్టేజి పాటించాలి. ముఖ్యంగా, పారలల్ కలిపే తీగలు తీసి రెండింటినీ విడివిడిగా చార్జి చేశాను. చార్జర్ తీసిన వెంటనే కనిపించే వోల్టేజి పైపైనిది, దాన్ని నమ్మలేం. ఒక రోజంతా కదపకుండా ఉంచి కొలిచినప్పుడు ఒకటి 12.9 వోల్టులు చూపింది, రెండవది 12.5 దగ్గరే ఆగింది. మళ్లీ చార్జి చేసినా ఫలితం మారలేదు. ఎక్కువ కరెంటు లాగి బలాన్ని పరీక్షించే లోడ్ టెస్టర్ పెడితే ఆ బలహీనమైన బ్యాటరీ వోల్టేజి 9.6 వోల్టుల కనీస హద్దుకంటే కిందికి దిగింది. ఆ రెండింటినీ కలిపే ఉంచి ఉంటే, చెడ్డది శీతకాలమంతా మంచిదానిలోని చార్జిని కూడా లాక్కునేది, వసంతానికి రెండూ పనికిరాకుండా పోయేవి. దాన్ని పాత బ్యాటరీలు తీసుకుని వాటిలోని సీసాన్ని (లెడ్‌ను) తిరిగి శుద్ధిచేసే చోటుకు పంపించాను.

లిథియం దగ్గర లెక్క తారుమారవుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి సల్ఫేట్ బాధ లేదు, కాబట్టి నిండుగా ఉంచవలసిన అవసరం లేదు. పైగా నెలల తరబడి పూర్తి చార్జితో నిలవ ఉంటే దాని సెల్‌లు త్వరగా ముసలివవుతాయి. సుమారు సగం చార్జితో, 40 నుంచి 60 శాతం మధ్య, భద్రపరచడం మేలు. ఆ సగం ఎక్కడుందో మామూలు వోల్ట్‌మీటర్‌తో తెలుసుకోవడం కష్టం, ఎందుకంటే మధ్యభాగమంతా వోల్టేజి 13.2 ప్రాంతంలో దాదాపు మారకుండా ఉంటుంది. లోపలికీ బయటికీ పోయిన ఆంపియర్ అవర్లను లెక్కించే మానిటర్ ఆధారంగా దాన్ని సగానికి తెచ్చాను. అంతకంటే ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉంది. సెల్ ఉష్ణోగ్రత 0 డిగ్రీలకంటే తక్కువగా ఉన్నప్పుడు లిథియం బ్యాటరీని చార్జి చేయకూడదు. అప్పుడు లిథియం, సెల్‌లోని నెగెటివ్ ఎలక్ట్రోడ్ (ఆనోడ్) లోపలికి చేరకుండా, దాని ఉపరితలంపై లోహంగా పేరుకుంటుంది, ఆ నష్టం తిరిగి సరికాదు, షార్ట్‌కు కూడా దారితీయవచ్చు. బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్ అయిన బీఎంఎస్‌లో ఈ రక్షణ ఉన్న బ్యాటరీలు ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. ఉన్నా దానిమీదే భారం వేయడం నాకు సమ్మతం కాదు. బ్యాటరీని గడ్డకట్టని పొడి గదిలో, మండే వస్తువులకూ బయటికి వెళ్లే దారికీ దూరంగా, ఏ చార్జర్‌కూ తగిలించకుండా ఉంచాను. బీఎంఎస్ తనకోసం కొద్ది కరెంటు వాడుకుంటుంది, కాబట్టి దాన్ని కూడా అప్పుడప్పుడూ పరీక్షించాలి. సల్ఫేట్ తొలగించే మోడ్ ఉన్న పాత లెడ్ ఆసిడ్ చార్జర్‌ను దీనికి ఎన్నడూ తగిలించరాదు.

లెడ్ ఆసిడ్, ఏజీఎం బ్యాటరీలను చల్లని, పొడి షెడ్‌లో బలమైన అరమీద, ఆమ్లం కారినా పట్టే ప్లాస్టిక్ ట్రేలలో నిటారుగా ఉంచాను. సిమెంటు నేలమీద పెడితే బ్యాటరీ డిశ్చార్జి అవుతుందన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. చెక్క పెట్టెలు, గట్టిరబ్బరు పెట్టెలు వాడిన కాలంలో దానికి కొంత ఆధారం ఉండేది. నేటి పాలీప్రొపిలీన్ పెట్టెలకు అది వర్తించదు. నేను అరమీద పెట్టింది ఎత్తి దించడంలో సౌకర్యం కోసమే. అసలు చూడవలసింది గది వేడి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే స్వయంగా డిశ్చార్జి అయ్యే వేగం సుమారు రెట్టింపవుతుంది. వెచ్చని బాయిలర్ గదికంటే చల్లని షెడ్ నయమని చెప్పడానికి కారణం ఇదే.

నెలకొకసారి వోల్టేజి కొలిచి, తేదీతోపాటు పుస్తకంలో రాశాను. నీళ్లు పోసే బ్యాటరీ నెలకు 5 శాతం దాకా, పాతబడితే అంతకంటే ఎక్కువగా, చార్జి కోల్పోవచ్చు. ఏజీఎం 1 నుంచి 3 శాతం వరకే కోల్పోతుంది. ఒక్క అంకెకంటే వరుసగా రాసిన అంకెల తీరు ఎక్కువ చెబుతుంది. 12.4 వోల్టులకు దిగకముందే తిరిగి నింపాలన్నది నేను పాటించిన హద్దు. నిరంతరం ఫ్లోట్‌లో ఉంచడం తప్పని అనను. ఉష్ణోగ్రతనుబట్టి వోల్టేజిని సరిచేసుకునే మంచి చార్జర్ ఉండి, దగ్గర మనిషి ఉంటే అది చక్కని పద్ధతే. వోల్టేజి అదుపు లేకుండా ఎప్పుడూ కొద్ది కరెంటు పంపుతూనే ఉండే పాతరకం ట్రికిల్ చార్జర్ మాత్రం బ్యాటరీని లోలోపల ఎండబెడుతుంది, దాన్ని నెలల తరబడి వాడకూడదు. చల్లని షెడ్‌లో మళ్లీ చార్జి చేసేటప్పుడు ఉష్ణోగ్రత సెన్సార్‌ను టెర్మినల్‌కు బిగించాను. 25 డిగ్రీలకంటే తగ్గిన ప్రతి డిగ్రీకి 12 వోల్టుల బ్యాటరీకి సుమారు 24 మిల్లీవోల్టులు ఎక్కువ ఇవ్వాలి. అంటే 5 డిగ్రీల వద్ద దాదాపు అర వోల్టు తేడా, అది లేకపోతే చార్జర్ నిండిందని చెప్పినా బ్యాటరీ నిండదు. పెట్టె ఉబ్బిన బ్యాటరీ, గడ్డకట్టిందని అనుమానం ఉన్న బ్యాటరీ కనిపిస్తే దానికి చార్జర్ అసలు తగిలించకూడదు. వెచ్చని చోట పూర్తిగా కరగనిచ్చి, పగులు ఉందేమో చూసి, ఆ తరువాతే ఏమైనా ఆలోచించాలి.

వసంతంలో ఇంజన్ బ్యాటరీ, మిగిలిన ఒక్క ఏజీఎం బ్యాటరీ, ఈ రెండూ ఒక చిన్న చార్జితో నిండిపోయాయి, లోడ్ పరీక్షలోనూ నిలిచాయి. దీపాలు, రేడియో, పంపుల కోసం పాత ఏజీఎంకు కొత్తదాన్ని జతచేయకుండా, అదే రకం, అదే సామర్థ్యం, అదే వయసుగల రెండు కొత్తవి కొని, మిగిలిన మంచిదాన్ని వేరే పనికి వాడుకున్నాను. వయసులో తేడా ఉన్న జంటలో కొత్తది కూడా త్వరగానే పాతదాని స్థాయికి పడిపోతుంది. బ్యాటరీలను లాకర్‌లో పట్టీలతో కదలకుండా కట్టి, టెర్మినళ్లను ఇత్తడి బ్రష్‌తో రుద్ది, ఎక్కువ కరెంటు మోసే లావుపాటి లగ్‌ను (వైరు కొనన ఉండే లోహపు రింగును) నేరుగా టెర్మినల్‌కు ఆనేలా అన్నిటికంటే కింద పెట్టి, వాషర్లను పైన వేసి బిగించాను. ఈసారి ముందు పాజిటివ్, చివర నెగెటివ్. పెట్రోలియం జెల్లీ బిగించిన తరువాతే పూయాలి, ముందే పూస్తే లోహం లోహాన్ని సరిగా తాకదు. లిథియం బ్యాటరీని వెచ్చటి రోజున పూర్తిగా చార్జి చేసి, సెల్‌లన్నీ సమానమయ్యేవరకూ కాసేపు అలాగే ఉంచి, మానిటర్‌ను 100 శాతానికి సరిచేశాను. ఆ తరువాత ఇంజన్ స్టార్ట్ చేసి, ఆల్టర్నేటర్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర వోల్టేజి 14 దాటిందని, నేరుగా కలిపిన బిల్జ్ పంపు ఫ్లోట్ స్విచ్ చేతితో ఎత్తగానే పనిచేస్తోందని పరీక్షించాకే పడవను నీటిలోకి దింపమని చెప్పాను.